ఆక్స్‌ఫర్డు మోర్సూ, మన యుగంధరూ

డిటెక్టివ్ నవల చదవడమన్నది మనవాళ్ళలో ఇప్పటికీ కొంత చాటుమాటు వ్యవహారమే. రైల్లో ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటారు. చేతిలో పుస్తకం, దానికి పాత వార్తాపత్రిక కాగితంతో వేసిన అట్ట. "ఏం చదువుతున్నారండీ?" అని అడిగామా, "ఏదో లెండి, పొద్దుపోవడానికి" అని మూసేస్తారు. అదే భగవద్గీత అయితే అట్ట మీది బొమ్మ ఎదుటివారికి కనబడేటట్టు పట్టుకుంటారు. పుస్తకం పట్టుకునే తీరును బట్టి అందులో ఏముందో చెప్పడం కూడా ఒక విధమైన అపరాధ పరిశోధనే!

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. కాపురం మోత్కూరులో. ఈ ఊరు 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది; ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. నావంటివాడు మనుచరిత్ర గురించో, శతకాల గురించో రాయాలి గాని హంతకుల గురించి రాయడమేమిటని మిత్రులకు సందేహం కలుగవచ్చు. సందేహం తీరాలంటే కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవాలి. డిటెక్టివ్ కథకు మొదటి నియమం అదే గదా!

వానలో పుట్టిన ఇనస్పెక్టరు

ఇంగ్లండులో కాలిన్ డెక్స్‌టర్ అనే ఆయన ఉండేవారు. 1930లో పుట్టారు. కేంబ్రిడ్జిలో లాటిను, గ్రీకు చదువుకున్నారు. బడిలో ఆ భాషలే బోధించారు. అంటే మన సంస్కృతం మాస్టారి వంటివారన్నమాట. అంతలో చెవుడు వచ్చింది. పిల్లలు ఏమంటున్నారో వినబడని మాస్టారు ఎంతకాలమని పాఠం చెప్పగలరు? 1966లో ఆ వృత్తి వదలి, ఆక్స్‌ఫర్డులో పరీక్షలు నిర్వహించే కార్యాలయంలో ఉద్యోగానికి కుదిరారు.

1972లో భార్యాబిడ్డలతో కలిసి వేల్సు ప్రాంతానికి సెలవులు గడపడానికి వెళ్ళారు. వెళ్ళిన దగ్గరనుంచీ ఒకటే వాన. బయటికి పోవడానికి లేదు, లోపల పిల్లల పోరు. బసలో దొరికిన డిటెక్టివ్ నవల చదివి, ఈమాత్రం నేను రాయలేనా అనుకుని కాగితం ముందు వేసుకున్నారు. ఆ వానలో మొదలైన నవల 1975లో అచ్చయింది. అందులో పుట్టినవాడే ఆక్స్‌ఫర్డు పోలీసు శాఖలోని చీఫ్ ఇనస్పెక్టరు మోర్సు.

ఈ మోర్సుకు సాహసాలేమీ రావు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఎత్తైన చోటు ఎక్కాలంటే భయం. పెళ్ళి లేదు. బీరు, వాగ్నరు సంగీతం, గళ్ళనుడికట్టు - ఇవే ఆయన ప్రపంచం. పైగా ఎదుటివారి రాతలో వర్ణక్రమ దోషం కనబడితే శవాన్ని కూడా మరచిపోయి ఆ దోషం దిద్దడానికి కూర్చుంటాడు. తెలుగు మాస్టార్లకు ఈ మనిషి మీద అభిమానం కలగడంలో వింత ఏముంది? మా ఇంట్లో పెళ్ళి శుభలేఖ వస్తే ముందు తప్పులు దిద్ది, ఆ తరువాతనే ముహూర్తం చూస్తాను.

మోర్సు మొదటి పేరేమిటో డెక్స్‌టర్ చాలాకాలం చెప్పలేదు. 1996లో వచ్చిన నవలలో మాత్రమే ఆ గుట్టు విప్పారు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక్క పేరు దాచి పాఠకుణ్ణి ఊరించడం సామాన్యమైన పనికాదు. రచయిత స్వయంగా గళ్ళనుడికట్టులో ఆరితేరినవారు. మోర్సు అన్న ఇంటిపేరు కూడా ఆ పోటీలలో పాల్గొనే సర్ జెరిమీ మోర్సు అనే బ్యాంకరుగారిదే.

పదమూడు నవలలు, ముప్పైమూడు చిత్రాలు

హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారంనాడు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల రాశిలో నాకు మోర్సు మొదటిసారి తగిలాడు. చవకగా వచ్చింది గదా అని కొన్నాను. చదివిన తరువాత, ఇదే కథ టెలివిజనుకు ఎక్కిందని తెలిసి, ఒక పాత శిష్యుని ధర్మమా అని అవి కూడా ఒకటొకటే చూశాను. ఆంగ్లేయుల ఉచ్చారణ నాకు సగమే అందుతుంది. తెర అడుగున అక్షరాలు వేశారు కనుక బ్రతికిపోయాను.

ఆ ధారావాహిక 1987 జనవరి 6న మొదలై 2000 నవంబరు 15న ముగిసింది. మోర్సుగా జాన్ థా, ఆయన సహాయకుడు సార్జెంటు లూయిస్‌గా కెవిన్ వాట్లీ నటించారు. మొత్తం 33 చిత్రాలు. ఒక్కొక్కదానికి ప్రకటనలతో కలిపి రెండు గంటల వ్యవధి. అప్పటికి టెలివిజనులో డిటెక్టివ్ కథ అంటే గంటలో హత్య, గంటలో అరెస్టు. ఈ నిర్మాతలు మాత్రం కథకు ఊపిరి పీల్చుకునే వేళ ఇవ్వాలని పట్టుబట్టారు. ఆ రెండు గంటలలో ఆక్స్‌ఫర్డు వీధులు కనబడతాయి, కళాశాలల గోడలు కనబడతాయి, మోర్సు మౌనంగా కూర్చుని ఆలోచించడం కూడా కనబడుతుంది. ఒక మనిషి ఆలోచిస్తుండగా లక్షల మంది ఊరుకుని చూశారంటే నమ్మగలరా?

డెక్స్‌టర్ రాసిన మోర్సు నవలలు 13 మాత్రమే. చిత్రాలేమో 33. తక్కిన కథలు ఎక్కడివి? ఆయన పాత్రలను, ఆయన పద్ధతిని ఆధారం చేసుకుని వేరే రచయితలు అల్లారు. రచయిత అలగలేదు సరిగదా, దాదాపు ప్రతి చిత్రంలోనూ దారిన పోయేవాడుగానో, మధుశాలలో కూర్చున్నవాడుగానో ఒక్క క్షణం కనబడి సరదా తీర్చుకున్నారు. సంగీతం సమకూర్చిన బారింగ్టన్ ఫెలంగ్ మరో చమత్కారం చేశారు. టెలిగ్రాఫు వాళ్ళు వాడే చుక్కలూ గీతల భాషలో మోర్సు పేరును నాందీగీతంలోనే కలిపేశారు. వినడానికి సంగీతం, విప్పితే పేరు!

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నవలల్లో సార్జెంటు లూయిస్ వయసు మళ్ళినవాడు. తెర మీదికి వచ్చేసరికి కుర్రవాడైనాడు. మొదటి నవలల్లో మోర్సు నడిపింది లాన్సియా కారు. తెర మీద ఎర్ర జాగ్వారు. జనం జాగ్వారునే ప్రేమించారు. డెక్స్‌టర్ అభిమానానికి పోక తరువాతి నవలల్లో తామే మార్పు చేసుకున్నారు. పుస్తకం తెరకు దారి చూపింది. తెర మళ్ళీ పుస్తకానికి చేయి అందించింది. 1999లో ఆఖరి నవలలో మోర్సు మరణించాడు. మరుసటి సంవత్సరం తెర మీదా మరణించాడు. జాన్ థా 2002లోనూ, డెక్స్‌టర్ 2017లోనూ కన్నుమూశారు. అయినా కథ ఆగలేదు. లూయిస్‌ను పెద్దవాణ్ణి చేసి 2006 నుంచి 2015 దాకా ఒకటి, మోర్సును కుర్రవాణ్ణి చేసి 2012 నుంచి 2023 దాకా మరొకటి వచ్చాయి. వానకు విసుగెత్తిన మాస్టారు కాగితం మీద పెట్టిన మనిషి యాభై ఏళ్ళు నడిచాడు.

మన పరిశోధకులు

ఇది చదివి, ఆ భాగ్యం ఆంగ్లేయులకే గాని మనకేదీ అనుకోకండి. మనకూ పరిశోధకులున్నారు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలోనే వంగభాష నుంచి పాంచకడీ దే నవలలు తెలుగులోకి దిగాయి. దేవరాజు వేంకటకృష్ణారావుగారి 'వాడే వీడు' ఆ కాలంలోనిదే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి రోజుల్లో డిటెక్టివ్ నవల జాతర మాదిరి సాగింది. జేబులో పట్టే పుస్తకాలు, భయపెట్టే అట్టబొమ్మలు, బస్టాండులో అమ్మకం. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్రగారు సైతం డిటెక్టివ్ నవలలు రాశారు. సాహిత్య చరిత్ర రాసిన చేతికి లేని నామోషీ మనకెందుకో?

వీరందరిలో ఇంటింటా పేరు మోగినవారు కొమ్మూరి సాంబశివరావుగారు. 1926లో పుట్టి 1994లో కాలం చేశారు. ఆయన సృష్టి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు. మద్రాసులో తెలుగువారి ప్రచురణలు వర్ధిల్లిన రోజుల్లో యుగంధర్ కొత్త నవల వచ్చిందంటే అద్దె పుస్తకాల కొట్టు ముందు వరుస కట్టేవారు. తరువాతి తరానికి మధుబాబుగారి షాడో వచ్చాడు. వీడు పరిశోధకుడు కాదు, గూఢచారి. ఆలోచన కంటే దూకుడు జాస్తి.

ఈ పుస్తకాల వల్ల ఏమి ఒరిగిందని అడిగేవారికి మా నాయిన సంగతి చెబుతాను. ఆయన ఐదో తరగతితో బడి మానివేసి లారీ క్లీనరుగా కుదిరినవాడు. సరుకు దిగేదాకా లారీ కింద నీడలో పడుకోవడం తప్ప తోచుబడి ఉండేది కాదు. భువనగిరి బస్టాండులో ఎవరో వదలి వెళ్ళిన యుగంధర్ నవల ఒకటి దొరికింది. మొదటి పేజీ చదవడానికి ఒక పూట పట్టిందట. ఒత్తులు దాటాలంటే వాగు దాటినంత పని. కాని శవం కనబడ్డ తరువాత పుస్తకం మూయడం ఎవరి తరం? ఆ నవల అయ్యేసరికి ఒత్తులు స్వాధీనమైనాయి. రెండోది ఒక రాత్రిలో చదివాడు. నేను పుట్టేనాటికి మా ఇంట్లో ఉన్న మొత్తం గ్రంథసంపద ఒక రేకుపెట్టెడు డిటెక్టివ్ నవలలు. ఎం.ఏ.లో నాకు వచ్చిన మార్కులకు పునాది ఆ రేకుపెట్టె అంటే కొందరు సహోద్యోగులు నవ్వుతారు. నవ్వనీయండి.

మరి అటువంటి యుగంధర్‌కు మోర్సుకు దక్కిన తెర ఎందుకు దక్కలేదు? 1979లో 'యుగంధర్' అన్న పేరుతో సినిమా వచ్చింది. రామారావుగారు నటించారు. కాని అది హిందీ 'డాన్' కథ. మన డిటెక్టివుకూ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. 1965లో 'సి.ఐ.డి.', 1966లో 'గూఢచారి 116' వచ్చాయి. వాటిలో నాయకుడు నేరస్థుణ్ణి పట్టుకునే లోపల నాయికను పట్టుకుని పాట పాడాలి. మన సినిమాలో నాయకుడు తప్పడు, ఓడడు, తీరికగా కూర్చుని ఆలోచించడు. డిటెక్టివుకు ఈ మూడూ కావాలి.

మోర్సు ప్రతి కథలోనూ తప్పుతాడు. గొప్ప సిద్ధాంతం ఒకటి కడతాడు. ఫలానావాడే హంతకుడని తేల్చేస్తాడు. మరునాడు ఆ ఫలానావాడే శవమై దొరుకుతాడు. మళ్ళీ మొదటికి వచ్చి, పడిపోయిన గోడ ఇటుకలతోనే మరో గోడ లేపుతాడు. పడినవాడు లేవడమే ఆ కథల్లోని వీరరసం.

తెలుగు తెరకు వచ్చిన డిటెక్టివులలో నాకు ముద్దు వచ్చినవాడు 'చంటబ్బాయ్'. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవలను జంధ్యాలగారు 1986లో సినిమాగా తీశారు. చిరంజీవిగారు పాండురంగారావుగా వేశారు. అందులో డిటెక్టివు మీద నవ్వుతాం, నవ్వుతూనే వాడు ఎవరినో వెతికి కనుక్కోవాలని కోరుకుంటాం. ఆ తరువాత 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. నవీన్ పోలిశెట్టి నటించిన ఈ చిత్రంలో పరిశోధకుడి ఆఫీసు నెల్లూరులో. రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల గుట్టు విప్పడం కథ. వీడూ నవ్విస్తాడు, వీడూ బోర్లా పడతాడు. పడిన తరువాత లేచి చూస్తే మన దేశంలోని ఒక భయంకరమైన మోసం కనబడుతుంది. నెల్లూరు వీధుల్లో నడిచే డిటెక్టివును చూసిన రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

వంగదేశపు సత్యాన్వేషి

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా వాడకు టెలివిజను వచ్చేసరికి నేను బడిలో పెద్ద తరగతులకు వచ్చాను. 1993లో ఢిల్లీ దూరదర్శన్‌లో వ్యోమకేశ్ బక్షీ హిందీలో వచ్చాడు. శరదిందు బందోపాధ్యాయ 1932లో సృష్టించిన పరిశోధకుడు. బాసు చటర్జీ తీశారు, రజిత్ కపూర్ నటించారు. తరువాతి భాగం 1997లో వచ్చింది. ధోవతి కట్టుకున్న ఈ వ్యోమకేశుడికి డిటెక్టివు అన్న మాట నచ్చదు. తాను సత్యాన్వేషిననే చెప్పుకుంటాడు. మా వాడలో హిందీ బాగా వచ్చినవారు తక్కువ. అయినా వీధి వీధంతా ఒక టెలివిజను ముందు చేరి, ఎవరు చంపారో చెప్పుకుంటూ పందేలు కాసేవారు.

వంగదేశంలో వ్యోమకేశుడు పెద్దల సాహిత్యం. సత్యజిత్ రాయ్ 1965 నుంచి పిల్లల కోసం ఫెలూదా కథలు రాసి, 1974లో ఒకదాన్ని స్వయంగా సినిమా తీశారు. అక్కడ ఆ పుస్తకాలను అట్ట వేసి దాచరు. కొడుక్కు పుట్టినరోజు కానుకగా ఇస్తారు. ఒకనాడు ఏ వంగభాష నుంచి డిటెక్టివు నవలలు అరువు తెచ్చుకున్నామో, ఆ వంగదేశం వాటిని ఇంటికి పెద్దకొడుకును చేసుకుంది. మనం పెరటి గుమ్మంలోనే నిలబెట్టాం. తేడా అక్కడుంది.

గౌరవం లేకపోతే ఏమవుతుందో చెప్పనా? పుస్తకాన్ని చవక కాగితం మీద అచ్చు వేస్తారు. అద్దెకు తిరిగి తిరిగి చిరిగిపోతుంది. గ్రంథాలయం వారు బైండు చేయించరు. విశ్వవిద్యాలయం పరిశోధనకు పనికిరాదంటుంది. టెలివిజను వారికి కావాలన్నా ప్రతి దొరకదు. హత్య ఎవరు చేశారని అడిగితే ఒక్కరి పేరు చెప్పలేము. అందరమూ కలిసి చేశాం. ఆంగ్లేయుల డిటెక్టివు కథల్లో అటువంటి ముగింపు కూడా ఒకటుంది!

కుట్టిన అధ్యాయం

ఇక నా తరగతి సంగతి. మా కళాశాలకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారు. చురుకైనవారే. కాని పుస్తకం తెరిస్తే చూపు జారిపోతుంది. పేరా చదువుతారు; అందులో ఏముందని అడిగితే తల వంచుకుంటారు. సెల్‌ఫోను వచ్చిన తరువాత కన్ను అక్షరం మీద నిలవడం మరీ తగ్గింది. ప్రశ్నకు జవాబు గైడులో ఉంటుందన్న ధీమా ఒకటి.

పోయిన వానాకాలంలో మా రేకుపెట్టె నుంచి ఒక పాత నవల తీశాను. పేరు చెప్పను, చెబితే గుట్టు బయటపడుతుంది. 31 మందికి సరిపడా ప్రతులు ఎక్కడివి? అందుచేత ఉన్న ఒక్క ప్రతినే రోజుకొక అధ్యాయం చొప్పున తరగతిలో వంతులవారీగా చదివించాను. ఆఖరి అధ్యాయాన్ని మాత్రం గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో మూడు కుట్లు వేసి మూసేశాను. షరతు ఏమంటే, హంతకుడెవరో ప్రతివారూ కాగితం మీద రాసివ్వాలి. ఊరికే పేరు రాస్తే చాలదు. ఏ అధ్యాయంలో ఏ మాట వల్ల అనుమానం కలిగిందో చెప్పాలి. అందరూ ఇచ్చిన తరువాతనే కుట్లు విప్పుతాను.

మొదటి రెండు రోజులు నవ్వులాట. మూడో రోజున శవం లేచిన తరువాత, అంటే కథలో దొరికిన తరువాత, తరగతి గది నిశ్శబ్దమైంది. చదివేవాడు ఒక మాట మింగితే, "ఆగురా, మళ్ళొకపాలి చదువు" అని వెనక బెంచీ నుంచి కేక. తరగతి అయిపోయినా బస్టాండు దాకా అదే వాదం. "గా ముసలోడే చంపిండు" అని ఒకడు, "ముసలోనికి చేతులు వణుకుతయని మూడో అధ్యాయంల ఉన్నది గదరా" అని ఇంకొకడు. తెలుగు వాక్యాన్ని పట్టుకుని పిల్లలు ఇంతగా కొట్లాడుకోవడం నా ఉద్యోగకాలంలో అంతకు ముందు చూడలేదు.

కాగితాలు వచ్చాయి. నలుగురు సరైన పేరు రాశారు. కాని నాకు నచ్చిన కాగితం ఒక అమ్మాయిది. అందులో పేరు తప్పు. తల్లి పత్తి కూలికి పోతుంది, ఈ పిల్ల సెలవు రోజుల్లో తానూ పోతుంది. తాను అనుమానించినవాడి మీద తొమ్మిది ఆధారాలు చూపింది. ఒక్కటీ కల్పన కాదు. అన్నీ పుస్తకంలోని మాటలే. కుట్లు విప్పి ఆఖరి అధ్యాయం చదివించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు గాని ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, రెండో తాళంచెవి ఉన్నదని రచయిత మనకు ముందుగాల చెప్పలే. ఆఖరికి తెచ్చి చూపెట్టిండు. గిది న్యాయం కాదు సార్."

పాఠకులారా, 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది కట్టుబాట్లు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికి చూపకుండా దాచరాదన్నది వాటిలో ఒకటి. ఆ పేరు విననైనా వినని మోత్కూరు పిల్ల తొంభై ఏళ్ళ పైబడి తరువాత ఆ సూత్రాన్ని తనంతట తాను కనుక్కుంది. రచయిత మోసం చేశాడని చెప్పగలిగిందంటే, ఆ పిల్ల ప్రతి మాటా లెక్క పెట్టుకుని చదివిందన్నమాట. ఇంతకు మించిన పాఠకురాలు ఏ రచయితకు కావాలి?

డెక్స్‌టర్ నవలల్లో ఒకదానిలో, అది 1989లోది, మోర్సు కడుపులో పుండుతో ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. పక్కన ఒక చిన్న పుస్తకం. 1859లో కాలువ పడవ మీద ప్రయాణం చేసిన ఒక స్త్రీ హత్యను గురించినది. ఇద్దరిని ఉరి తీసి ఆ కేసు మూసేశారు. మోర్సు మంచం దిగకుండానే ఆ పుస్తకాన్ని పట్టి పట్టి చదివి, తీర్పు తప్పేమోనని సందేహిస్తాడు. అతని చేతిలో తుపాకీ లేదు, కాలికి చెప్పులు కూడా లేవు. చదవడం ఒక్కటే ఆయుధం. నిర్దోషులను ఉరితీశారన్న సత్యం అచ్చయిన పుటల్లోనే ఉన్నా, సరిగా చదివేవాడు లేక నూరేళ్ళకు పైగా అది మూలపడి ఉంది. డిటెక్టివు అంటే ఏమిటో నాకు ఆ నవలతో అర్థమైంది. అక్షరాన్ని నమ్మి, అక్షరాన్నే అనుమానించేవాడు.

విరాటపర్వంలో వేగులవారు

దీనివల్ల పద్యానికి అన్యాయం జరిగిందా అంటే, మరునెలలో విరాటపర్వం మొదలుపెట్టాను. పాండవుల అజ్ఞాతవాసం, దుర్యోధనుడి వేగులవారు దేశమంతా గాలించి రిక్తహస్తాలతో తిరిగి రావడం, మాటవరసకు అన్నట్టుగా కీచకుణ్ణి ఎవరో గంధర్వులు చంపారట అని చెప్పడం. ఇంతవరకు చదివేసరికి వెనక బెంచీ నుంచి గొంతు లేచింది. "గదే సార్ ఆధారం! కీచకుణ్ణి చంపేటోడు ఎవడున్నడు?"

భీష్ముడి మాట వచ్చినప్పుడు మరీ ముచ్చట. ధర్మరాజు ఉన్నచోట వానలు కురుస్తాయి, పంటలు పండుతాయి, ఆవులు పాలిస్తాయి, అటువంటి దేశం ఎక్కడుందో చూడమంటాడు తాతగారు. మనిషి దాగినా అతని మంచితనం ఆనవాళ్ళు వదులుతుందన్నమాట. వేలిముద్రలు కనిపెట్టకముందే మనవాళ్ళు పెట్టిన ముద్ర అది! తిక్కనగారిని డిటెక్టివు రచయిత అంటే పెద్దలు కోపగించుకుంటారు గనుక అనను. కాని ఆధారం ఎక్కడ దాచాలో, ఎప్పుడు చూపాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. ఈ సంగతి నా పిల్లలు పసిగట్టింది ఆ చవక నవల చలవ వల్లనే.

ఊరు కావాలి

టెలివిజను వారికి, ఇప్పుడు సెల్‌ఫోనుల్లో ధారావాహికలు తీసి వదిలేవారికి నా మనవి ఒకటే. మనకు కథలు లేక కాదు. కొమ్మూరివారి మద్రాసు ఉంది; ఆనాటి తెలుగు మద్రాసును తెర మీద నిలబెట్టండి. ఒక్కొక్క కథకు రెండు గంటల వ్యవధి ఇవ్వండి. పరిశోధకుణ్ణి తప్పనీయండి, పడనీయండి, మౌనంగా కూర్చోనీయండి. తెర చూసినవాడు పుస్తకం అడుగుతాడు. ఆ వేళకు పుస్తకం దొరికేటట్టు ప్రచురణకర్తలు చూడాలి. మోర్సుకు జరిగింది అదే గదా.

మరొకటి. డిటెక్టివుకు ఊరు కావాలి. మోర్సును ఆక్స్‌ఫర్డు నుంచి, వ్యోమకేశుణ్ణి కలకత్తా నుంచి, ఆత్రేయను నెల్లూరు నుంచి విడదీయలేము. నేరం ఎక్కడైనా ఒకటే. దాన్ని దాచే తీరు మాత్రం ఊరూరికీ వేరు. మా ప్రాంతంలో ఏమి దాస్తారో, ఎక్కడ దాస్తారో మావాళ్ళే రాయాలి.

రాయడం మొదలైంది కూడా. తాళంచెవి న్యాయం అడిగిన పిల్ల రెండు వందల పేజీల నోటుపుస్తకంలో నవల రాస్తున్నది. బిక్కేరు వాగులో రాత్రిపూట ఇసుక ఎత్తేవారిలో ఒకడు కనబడకుండా పోతాడు. పరిశోధన చేసేది పోలీసు కాదు, ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరింట్లో రాత్రి దీపం ఆరలేదు, ఎవరి చేతికి కట్టు ఉన్నది, అన్నీ ఆమెకు తెలుసు. పైగా ఏ గడపలోకైనా చొరవగా పోవచ్చు. ఇంతకంటే తెలివైన ఎంపిక ఏ రచయిత చేస్తాడు?

పదకొండు అధ్యాయాలు ఇచ్చింది. వర్ణక్రమ దోషాలు దిద్దడానికి ఎర్రకలం తీసినవాణ్ణి, కథలో పడి దిద్దడం మరచిపోయాను. ఆఖరి అధ్యాయం ఎప్పుడిస్తావమ్మా అని అడిగాను.

"రాస్తున్న సార్. కానీ కుట్టే ఇస్త," అన్నది.